లేత్-మిల్లింగ్ సంయుక్త యంత్రం

లేత్-మిల్లింగ్ సంయుక్త యంత్రం అనగా లోహపు పనిలో ఉపయోగించు లేత్, మిల్లింగ్ యంత్రం అను రెండింటిని ఒకే బెడ్డుపై అమర్చిన యంత్రం. రంధ్రాలు వేయుటకు కూడా ఇదే పనికివచ్చును గనుక దీనిని త్రీ-ఇన్-వన్ యంత్రమని కూడా అందురు. స్థలం తక్కువగా ఉన్న ఇంటి వర్క్‌షాపులలో నమూనా ఆవిరి యంత్రాలు, పనిముట్లు, పాత మోటారు సైకిళ్ళ విడిభాగాలు తయారుచేసుకొనువారు దీనిని వాడుదురు. ఇట్టి వర్క్‌షాపులు అమెరికా, బ్రిటన్, ఇతర ఐరోపా దేశాలలో ఎక్కువగా కలవు. ఒక యంత్రపు చోటులో రెండు యంత్రాలు లభించినట్లు కనిపించినను, రెండింటి పనితనంలోను కొంత రాజీ తప్పదు. ఆ రాజీ ఎక్కడ ఉన్నదో, అది తాము చేయదలచిన పనికి అడ్డువచ్చునో లేదో తెలిసికొనుటయే యంత్రం ఎంపికలో ముఖ్యాంశం.

రెండు పనుల మధ్య తేడా

లేత్‌పై జాబ్ తిరుగుచుండును, పనిముట్టు తిరగదు. గుండ్రని కడ్డీలు, బుష్‌లు తయారుచేయుటకు, మరలు కోయుటకు ఇది అనువైనది. మిల్లింగ్‌లో ఇందుకు భిన్నంగా కట్టర్ తిరుగును, బల్లపై బిగించిన జాబ్ మెల్లగా కదులును. చదునైన తలాలు, గాడులు ఈ విధంగా చేయుదురు. భారతదేశంలోని పారిశ్రామిక శిక్షణ సంస్థలలో కూడా టర్నర్, మెషినిస్ట్ అను వేర్వేరు ట్రేడులు కలవు. లేత్ పని మొదటిదానిలోను, మిల్లింగ్ పని రెండవదానిలోను ప్రధానమైనవి.

చరిత్ర

ఇంటివద్ద లోహపు పని చేయు అభిరుచి బ్రిటన్‌లో చాలాకాలం నుండి కలదు. పెర్సివల్ మార్షల్ 1898లో ప్రారంభించిన 'మోడల్ ఇంజనీర్' పత్రిక ఇట్టివారి కొరకు వెలువడినదే. 1946లో నాటింగ్‌హామ్ సమీపంలోని బీస్టన్ నుండి మైఫోర్డ్ సంస్థ ఎం.ఎల్.7 అను చిన్న లేత్‌ను విడుదల చేసెను. మిల్లింగ్ యంత్రం లేనివారు ఇట్టి లేత్‌కు నిలువు స్లైడ్ అను అనుబంధాన్ని బిగించి, కట్టర్‌ను లేత్ స్పిండిల్‌లో పెట్టి చిన్న మిల్లింగ్ పనులు చేసికొనెడివారు. 1950వ దశకంలో ఆస్ట్రియాకు చెందిన ఎమ్‌కో సంస్థ యునిమాట్ అను బల్లపై పెట్టుకొను యంత్రాన్ని తయారుచేసెను. దాని హెడ్‌స్టాక్‌ను బెడ్డు నుండి తీసి నిలువు స్తంభంపై బిగించినచో అది డ్రిల్లింగ్, మిల్లింగ్ యంత్రంగా మారును. తరువాతి కాలంలో అమెరికాలో స్మితీ, గ్రిజ్లీ వంటి సంస్థలు ప్రత్యేక మిల్లింగ్ హెడ్ గల పెద్ద సంయుక్త యంత్రాలను విక్రయించినవి.

నిర్మాణం

సాధారణ నమూనాలలో లేత్ హెడ్‌స్టాక్‌పైన గాని, బెడ్డు వెనుక గాని ఒక స్తంభం నిలిపి, దానిపై మిల్లింగ్ హెడ్‌ను అమర్చుదురు. లేత్ యొక్క క్రాస్ స్లైడే మిల్లింగ్ బల్లగా పనిచేయును. క్యారేజి బెడ్డుపై జరుగుట వలన జాబ్ కుడి ఎడమలకును, క్రాస్ స్లైడ్ జరుగుట వలన ముందు వెనుకలకును కదులును. బల్లను పైకి క్రిందికి జరుపు ఏర్పాటు సాధారణంగా ఉండదు. కోత లోతును మిల్లింగ్ హెడ్ ద్వారానే సరిచేయవలెను.

ఎంపికలో గమనించవలసిన అంశాలు

దృఢత్వం: కోత సమయంలో యంత్రం వంగకుండా, కంపించకుండా ఉండవలెను. అనేక నమూనాలలో పెద్ద వ్యాసం గల జాబ్ పట్టుటకై స్పిండిల్‌ను ఎత్తులో అమర్చుదురు. అందువలన టూల్ పోస్టును పొడవైన దిమ్మపై నిలబెట్టవలసి వచ్చును. ఒక చివర మాత్రమే బిగించిన కడ్డీ పొడవు రెట్టింపైనచో, అదే బలానికి దాని వంపు ఎనిమిది రెట్లగును. కావున ప్రకటనలలో కనిపించు గరిష్ఠ వ్యాసాన్ని మాత్రమే చూచి యంత్రాన్ని కొనుట సరికాదు. పోత ఇనుప బెడ్డు, ఎక్కువ బరువు మంచి లక్షణాలు.

స్తంభం: గుండ్రని స్తంభం గల యంత్రాలలో మిల్లింగ్ హెడ్‌ను పైకి లేదా క్రిందికి జరిపినప్పుడు అది పక్కకు తిరుగును. అప్పటివరకు సరిచూచుకొన్న రంధ్రపు కేంద్రం తప్పిపోవును. చిన్న డ్రిల్ తీసి పొడవైన డ్రిల్ పెట్టునప్పుడు ఈ ఇబ్బంది తెలియును. డవ్‌టెయిల్ గాడి గల స్తంభంలో ఈ దోషం చాలావరకు ఉండదు.

వేగాలు: నిమిషానికి కావలసిన చుట్ల సంఖ్యను తెలిసికొనుటకు, మీటర్లలోని కోత వేగాన్ని 1000తో గుణించి, 3.14తోను మి.మీ.లలోని వ్యాసంతోను భాగించవలెను. మెత్తని ఉక్కును హైస్పీడ్ స్టీల్ పనిముట్టుతో నిమిషానికి 25 మీటర్ల వేగంతో కోయునప్పుడు, 150 మి.మీ. వ్యాసం గల జాబ్‌కు సుమారు 53 చుట్లు, 10 మి.మీ. కట్టర్‌కు సుమారు 800 చుట్లు అవసరం. లేత్ కనిష్ఠ వేగం 150 చుట్లు అయినచో, ఆ పెద్ద జాబ్ అంచువద్ద కోత వేగం 70 మీటర్లు దాటి పనిముట్టు త్వరగా మొద్దుబారును. కావున గరిష్ఠ వేగంతోపాటు కనిష్ఠ వేగాన్ని కూడా చూడవలెను.

కట్టర్ బిగింపు: డ్రిల్ చక్కు నిలువు ఒత్తిడికి మాత్రమే తగినది. మిల్లింగ్‌లో పక్క ఒత్తిడి కలుగుటచే అది ఊడిపోవచ్చును. కావున కట్టర్‌ను కోలెట్‌లో పట్టి, స్పిండిల్ పైనుండి డ్రా బార్‌తో బిగించు ఏర్పాటు ఉండవలెను. స్పిండిల్ టేపర్ మోర్స్ 3 లేదా ఆర్ 8 వంటి ప్రామాణిక రకమైనచో పరికరాలు సులభంగా దొరకును.

ఇతర ఖర్చులు: మూడు దవడల, నాలుగు దవడల చక్కులు, వైస్, కోలెట్లు, కట్టర్లు, మైక్రోమీటర్, డయల్ గేజ్ విడిగా కొనవలసి ఉన్నచో వాటి ఖర్చు కొన్నిసార్లు యంత్రపు ధరకు సమీపించును. మోటారు ఇంటి విద్యుత్తుకు సరిపడవలెను. భారతదేశంలో సింగిల్ ఫేజ్ సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికా కొరకు 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌లకు తయారైన మోటారును ఇక్కడ నేరుగా కలుపరాదు.

కొనుటకు ముందు పరీక్ష: డయల్ గేజ్‌ను స్పిండిల్ టేపర్ లోపలికి ఆనించి చేతితో తిప్పినచో స్పిండిల్ ఎంత ఊగుచున్నదో తెలియును. క్రాస్ స్లైడ్ చక్రాన్ని ఒకవైపు తిప్పి వెంటనే వెనుకకు తిప్పినప్పుడు, స్లైడ్ కదలకుండా చక్రం తిరుగు భాగమే బ్యాక్‌లాష్. ఇది ఎక్కువగా ఉన్నచో మిల్లింగ్‌లో కట్టర్ జాబ్‌ను ఒక్కసారిగా లాగుకొనును.

పరిమితులు

ఒక పని నుండి మరొక పనికి మారుటకు పట్టు సమయం ఈ యంత్రపు ప్రధాన లోపం. ఉదాహరణకు ఒక ఇరుసును లేత్‌పై చెక్కుచుండగా దానిపై కీ గాడి కోయవలసి వచ్చినచో, టూల్ పోస్టు తీసి, వైస్ బిగించి, దానిని సరిచూచుకొనవలెను. మరల చెక్కుటకు ఇరుసును చక్కులో పెట్టినప్పుడు కేంద్రం కొంత తప్పవచ్చును. కావున చెక్కుడు పని అంతయు ముగించి, తరువాత మిల్లింగ్ చేయునట్లు పనిక్రమాన్ని ముందుగానే నిర్ణయించుకొందురు.

భద్రత

కొన్ని నమూనాలలో ఒకే మోటారు రెండు స్పిండిళ్ళను తిప్పును. స్విచ్ వేయుటకు ముందు ఏ స్పిండిల్ తిరుగునో చూచుకొనవలెను. చక్కు తాళాన్ని చక్కులో వదలరాదు. కళ్ళద్దాలు తప్పనిసరి. తిరుగుచున్న యంత్రం వద్ద చేతితొడుగులు, వదులు దుస్తులు, గాజులు, ఉంగరాలు ధరించరాదు. లోహపు పొట్టును చేతితో కాక బ్రష్‌తో తీయవలెను.

ఎవరికి అనుకూలం

ఒక యంత్రానికి మాత్రమే చోటు ఉండి, అప్పుడప్పుడు ఒకటి రెండు భాగాలు చేసుకొనువారికి సంయుక్త యంత్రం అనుకూలమైనది. చెక్కుడు పనియే ఎక్కువై మిల్లింగ్ అరుదైనచో మంచి లేత్, దానికి నిలువు స్లైడ్ సరిపోవును. రెండు పనులు తరచుగా చేయువారికి, చోటు ఉన్నచో, చిన్నవైనను వేర్వేరు యంత్రాలే మేలు. అట్లున్నచో ఒకదానిపై బిగించిన జాబ్‌ను కదపకుండా రెండవదానిపై పని చేసికొనవచ్చును.