డీసీఎం ఇల్లు కావాలంటే: బరువు లెక్క

మేడారం జాతర దగ్గరపడిందంటే కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి డీసీఎంలు, అంటే మధ్యరకం సరుకుల లారీలు, బయల్దేరుతాయి. తొట్టిలో వరిగడ్డి పరిచి ఉంటుంది, పైన టార్పాలిన్ కట్టి ఉంటుంది. ఒక మూల బియ్యం సంచి, గిన్నెలు, నీళ్ల డ్రమ్ము, మొక్కుబెల్లం. ముందు వేములవాడ రాజన్న దర్శనం, ఆ తర్వాత మేడారం. మూడు నాలుగు రోజులు ఆ బండే ఇల్లు. సరుకుల బండిలో మనుషులు ప్రయాణించడం చట్టానికి విరుద్ధం, ప్రాణానికి ప్రమాదం కూడా. ఆ మాట ముందే చెప్పాలి. కానీ బండిలోనే వండుకుని, బండిలోనే పడుకుని తిరగడం ఈ నేలకు కొత్త కాదన్న సంగతీ కాదనలేం.

తెలుగువాళ్లందరూ చూసిన నివాస వాహనం ఒకటుంది. 1982లో ఎన్టీ రామారావు పాత షెవర్లే వ్యానును మార్పించి చైతన్య రథం చేశారు. పైకప్పు మీద నిలబడి మాట్లాడటానికి వేదిక, లోపల విశ్రాంతికి చోటు. కొడుకు హరికృష్ణ నడుపుతుంటే 1983 జనవరి ఎన్నికల దాకా ఊరూరా తిరిగారు. రోడ్డు పక్కనే స్నానం, రోడ్డు పక్కనే భోజనం. ఆ బండిని రాజకీయ చరిత్రగా అందరం చదువుకున్నాం. ఇంజినీరింగు కోణంలో చూస్తే మరో ప్రశ్న వస్తుంది: పైకప్పు మీద మనుషుల బరువు మోస్తూ, గుంతల రోడ్ల మీద నెలల తరబడి నడవాలంటే ఒక బండికి ఏం కావాలి?

సొంతంగా క్యాంపర్, అంటే ఇల్లులా వాడుకునే బండి, కట్టుకోవాలనుకునే వాళ్లు సాధారణంగా మంచం, వంటగట్టు, లైట్ల నుంచి మొదలుపెడతారు. నేనైతే ఆర్సీ కాగితం నుంచి మొదలుపెట్టమంటాను. అందులో ఖాళీ బండి బరువు ఒకటి, మొత్తం బరువు ఎంత మించకూడదో చెప్పే అంకె ఇంకొకటి ఉంటాయి. ఈ రెంటి మధ్య తేడాలోనే గోడలు, మంచం, నీళ్లు, బట్టలు, మనుషులు అన్నీ ఇమడాలి. సరుకుల లారీ ఈ రోజు లోడుతో వెళ్తే రేపు ఖాళీగా తిరిగొస్తుంది. క్యాంపర్ దించని లోడుతో సంవత్సరమంతా నిలబడి ఉంటుంది, కమాన్ పట్టీలకూ టైర్లకూ సెలవు ఉండదు. అందుకే అనుమతి ఉన్న లోడులో నాలుగింట మూడు వంతులకే ఆగిపోవడం మేలని నా అభిప్రాయం. మరీ తేలికగా కట్టినా ఇబ్బందే. టన్నుల బరువు కోసం చేసిన కమాన్ పట్టీలు లోడు లేకపోతే వంగవు, ప్రతి గుంతా నేరుగా మంచం దాకా వస్తుంది.

ఇక అసలైన సంగతి, ఛాసిస్. లారీ కింద రెండు పొడవాటి ఉక్కు ఛానళ్లు, వాటిని కలిపే అడ్డ కమ్మీలు ఉంటాయి. ఈ ఛానళ్లు ఒక పక్క తెరుచుకుని ఉంటాయి. అలాంటి ఆకారం నిలువు బరువును బాగా మోస్తుంది కానీ మెలితిప్పితే సులువుగా తిరుగుతుంది. అదే కొలతలతో నాలుగు వైపులా మూసిన గొట్టం చేస్తే మెలికను ఎదిరించే శక్తి వందల రెట్లు పెరుగుతుంది. చెప్పుల అట్టపెట్టె మూత తీసి రెండు చివరలు పట్టుకుని తిప్పి చూడండి, తర్వాత మూత అతికించి తిప్పండి, తేడా చేతికే తెలుస్తుంది. లారీ ఛాసిస్ కొంత మెలితిరగాలనే తయారు చేస్తారు. ముందు ఎడమ చక్రం గుంతలో దిగినప్పుడు ఛాసిస్ తిరిగితేనే నాలుగు మూలలా చక్రాలు నేలను పట్టుకుని ఉంటాయి.

ఇప్పుడు ఆ ఛాసిస్ మీద మనం ఇల్లు అనే మూసిన పెట్టెను కూర్చోబెడుతున్నాం. కింద ఉన్నది తిరుగుతుంది, పైన ఉన్నది తిరగదు. రెంటినీ అన్ని చోట్లా గట్టిగా బిగిస్తే ఆ పోరాటం వెల్డింగు అతుకుల మీదా, కిటికీ మూలల మీదా పడుతుంది. మొదట సీలెంటు చీలుతుంది, తర్వాత వాన నీరు దూరుతుంది, చివరకు ఛాసిస్సే పగులుతుంది. మన దగ్గర పాతకాలం చెక్క తొట్టి ఈ పరీక్షలో నెగ్గింది. పలకలు, బోల్టులు, ఛాసిస్‌కూ తొట్టికీ మధ్య చెక్క దిమ్మెలు, పట్టి ఉంచే యూ బోల్టులు, ఇవన్నీ కొద్దికొద్దిగా కదులుతాయి. క్యాంపర్ గోడ అలా కదలకూడదు కాబట్టి కదలికను కిందికి మార్చాలి. పెట్టె కింద వేరే ఫ్రేము వేసి, దాన్ని ఛాసిస్‌కు మూడు చోట్ల మాత్రమే కలిపే పద్ధతి ఒకటి. ఒక చివర రెండు కీళ్లు, రెండో చివర మధ్యలో అటూ ఇటూ ఊగే ఒక్క కీలు. మూడు బిందువులు ఎప్పుడూ ఒకే తలంలో ఉంటాయి కాబట్టి ఛాసిస్ ఎంత తిరిగినా పెట్టెకు ఆ మెలిక అంటదు. జర్మనీ ఊనిమోగ్ బండ్ల మీద పెట్టెలు కట్టేవాళ్లు ఈ దారినే పట్టారు. ఇంకోటి స్ప్రింగు పద్ధతి: వెనక గట్టిగా బిగించి, ముందు వైపు బోల్టుల కింద గట్టి స్ప్రింగులు పెట్టడం. పెట్రోలు ట్యాంకరు ఆగి ఉన్నప్పుడు ట్యాంకు ముందు భాగం కింద వంగి చూస్తే కొన్నింటికి ఈ స్ప్రింగులు కనిపిస్తాయి. సొంతంగా కట్టేవాళ్లకు రోడ్డు ప్రయాణాల వరకు ఇది చాలు. ఒక్క నియమం మాత్రం తప్పకూడదు. ఛాసిస్ ఛానలు పై అంచుకూ కింది అంచుకూ రంధ్రం వేయొద్దు, వెల్డింగు అసలే వద్దు. వంపు ఒత్తిడి అంతా ఆ అంచుల్లోనే ఉంటుంది, వెల్డింగు వేడికి గట్టి ఉక్కు తన బలాన్ని కోల్పోతుంది. బోల్టులు నిలువు ముఖం మీదే రావాలి.

పెట్టె 14 అడుగుల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పు, అంతే ఎత్తు అనుకుందాం. గోడలూ పైకప్పూ కలిపి దాదాపు 34 చదరపు మీటర్లు. 1.2 మిల్లీమీటర్ల ఉక్కు రేకు చదరపు మీటరుకు 9.4 కిలోలు తూగుతుంది, మొత్తం 320 కిలోలు. 2 మిల్లీమీటర్ల అల్యూమినియం అయితే 5.4 చొప్పున 185 కిలోల లోపే. లోపలి గోడలకు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేస్తే దాదాపు 290 కిలోలు, 6 మిల్లీమీటర్లది వేస్తే వంద. ఇళ్లకు అలమారాలు కట్టే చేయి ఇక్కడ మందపాటి చెక్క వైపే వెళ్తుంది, ఆ ఒక్క అలవాటుకు మనం 190 కిలోలు చెల్లిస్తాం. సిరిసిల్ల మరమగ్గాల మీద నేసే పాలిస్టర్ బట్ట తెరలకు, పరుపు తొడుగులకు సరిగ్గా సరిపోతుంది. గాలిలోని తేమను పత్తి తన బరువులో ఎనిమిది శాతం దాకా పీల్చుకుంటే, పాలిస్టర్ అర శాతం కూడా పీల్చుకోదు. మూసిన పెట్టెలో బూజు పట్టకుండా ఉండటానికి అది పెద్ద సాయం.

బరువు తగ్గించాలంటే వేడి గురించి ఆలోచించాలి. ఇది వింతగా అనిపించవచ్చు కానీ రెండూ ఒకే లెక్క: లోపలికి వచ్చే వేడి ఎక్కువైతే ఏసీకి కావాల్సిన బ్యాటరీ బరువూ పెరుగుతుంది. జగిత్యాల జిల్లా మే నెల సంగతి తెలిసిందే, 45 డిగ్రీలు కూడా కొత్త కాదు. బయట 44, లోపల 28 ఉండాలనుకుంటే తేడా 16 డిగ్రీలు. నేలతో కలిపి ఆరు వైపులా 42 చదరపు మీటర్లు. వట్టి ఇనుప రేకు అయితే దాని గుండా 3.7 కిలోవాట్ల చొప్పున వేడి లోపలికి వస్తూనే ఉంటుంది. ఒక టన్ను ఏసీ బయటికి తోయగలిగేది 3.5 కిలోవాట్లు. అంటే ఎండ నేరుగా పడే వేడిని లెక్కేయకముందే ఏసీ ఓడిపోయింది. అదే గోడలో 50 మిల్లీమీటర్ల పీయూ (పాలీయూరిథేన్) ఫోమ్ పెడితే ఆ వేడి 340 వాట్లకు దిగుతుంది. ఎండకు పైకప్పు 65 డిగ్రీలకు కాగినా ఇంకో 90 వాట్లు కలుస్తాయి, అంతే. ఇద్దరు మనుషుల ఒంటివేడి, కిటికీలు, సందుల్లోంచి వచ్చే గాలి అన్నీ కలిపినా ఒక కిలోవాటు దగ్గర ఆగుతుంది. ఇంత పని చేసే ఫోమ్ బరువు మొత్తం పెట్టెకు 85 కిలోలు మాత్రమే.

ఫోమ్ వేసినా ఒక దొంగదారి మిగులుతుంది. ఉక్కు వేడిని పీయూ ఫోమ్ కంటే దాదాపు 2,000 రెట్లు వేగంగా మోస్తుంది. బయటి రేకు నుంచి లోపలి ప్లైవుడ్ దాకా నేరుగా తగిలే ప్రతి ఇనుప కమ్మీ ఎండాకాలం వేడిని, చలికాలం చలిని లోపలికి తెస్తుంది. ఇద్దరు పడుకుంటే రాత్రికి ఊపిరితో, చెమటతో అర లీటరుకు పైగా నీరు గాలిలో చేరుతుంది. అది చల్లని కమ్మీల మీదే మంచులా పట్టి, ప్లైవుడ్ వెనక తుప్పుగా మారుతుంది. కమ్మీకీ ప్లైవుడ్‌కీ మధ్య రబ్బరు పట్టీ వేయడం, పైకప్పులో చిన్న ఫ్యాను పెట్టి గాలి ఆడనివ్వడం, ఈ రెండూ చవకైన మందులు.

ఇప్పుడు బ్యాటరీ ఎంత కావాలో చెప్పవచ్చు. ఒక కిలోవాటు వేడిని తోయడానికి మంచి ఏసీ తీసుకునే కరెంటు 300 వాట్లకు కాస్త ఎక్కువ. పది గంటలకు మూడు యూనిట్లు. ఇంట్లో ఇన్వర్టరుకు వాడే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఒక్కోటి 55 కిలోల పైచిలుకు ఉంటుంది, పాడు కాకుండా అందులో సగమే వాడుకోవాలి. మూడు యూనిట్లకు నాలుగు కావాలి, 220 కిలోలు. ఐదు యూనిట్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 50 కిలోలకు అటూ ఇటూగా వస్తుంది. ధర ఎక్కువే. అయినా క్యాంపరులో డబ్బు పెట్టదగిన చోటు ఏదని అడిగితే నేను దీన్నే చూపిస్తాను. పైకప్పు మీద 1.2 కిలోవాట్ల సోలార్ పలకలు మన ఎండలో రోజుకు నాలుగైదు యూనిట్లు ఇస్తాయి. వాటిని రేకుకు అతికించకుండా మూడు నాలుగు అంగుళాల పైన బిగిస్తే కింద గాలి ఆడుతుంది, పైకప్పుకు నీడా దొరుకుతుంది. తీగల విషయంలో 12 వోల్టుల మోజు వద్దు. వెయ్యి వాట్లకు 12 వోల్టుల మీద 83 ఆంపియర్లు పారితే, 48 వోల్టుల మీద 21 చాలు. తీగలో వృథా కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అదే తీగలో నష్టం పదహారో వంతుకు తగ్గుతుంది. ఏ వోల్టేజి అయినా బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండి తీరాలి. వంటకు గ్యాసు పెట్టుకుంటే అది గాలి కంటే బరువైనదని మరవకూడదు. కారితే నేల మీద పేరుకుంటుంది, అందుకే బయటికి పోయే రంధ్రం నేల మట్టంలో ఉండాలి.

నీళ్లు లీటరుకు కిలో. 150 లీటర్ల ట్యాంకు ఎక్కడ పెడుతున్నామన్నది, ఎంత పెడుతున్నామన్నంత ముఖ్యం. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 3.4 మీటర్లు ఉన్న బండిలో ఆ ట్యాంకును వెనక ఇరుసుకు ఒక మీటరు అవతల వేలాడదీస్తే, వెనక ఇరుసు మీద పడేది 194 కిలోలు. ముందు ఇరుసు మీద 44 కిలోలు తగ్గుతాయి. స్టీరింగు తేలిపోతున్నట్టు అనిపించేది అందుకే. అదే ట్యాంకును రెండు ఇరుసుల మధ్య, ఛాసిస్ పక్కన, కిందికి దించితే ఈ బాధ లేదు. సగం నిండిన ట్యాంకులో నీళ్లు మలుపుల్లో ఒక పక్కకు దూకకుండా లోపల అడ్డు పలకలు ఉండాలి.

ఎత్తు లెక్క ఇంకా కఠినం. చక్రాల మధ్య వెడల్పు 1.6 మీటర్లు, గరిమనాభి నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో ఉంటే, 40 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో బండి పల్టీ కొట్టే వేగం గంటకు సుమారు 56 కిలోమీటర్లు. పైన సామాను పేర్చి గరిమనాభిని 1.6 మీటర్లకు లేపితే అది 50కి పడిపోతుంది. ఇది కాగితం మీది లెక్క. కమాన్ పట్టీలు, టైర్లు ఒరుగుతాయి కాబట్టి రోడ్డు మీద ఇంకా తక్కువ వేగానికే ప్రమాదం.

జగిత్యాల జిల్లాలో బరువు గురించి రాసేవాళ్లు కొండగట్టును తలచుకోకుండా ఉండలేరు. 2018 సెప్టెంబరు 11న పరిమితికి మించిన ప్రయాణికులతో కొండ దిగుతున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఆ ప్రమాదానికి కారణాలను తేల్చడం ఈ వ్యాసం పని కాదు. దిగుడులో బరువు ఏం చేస్తుందో మాత్రం ప్రతి బండివాడూ తెలుసుకోవాలి. ఐదు టన్నుల బండి వంద మీటర్ల ఎత్తు దిగితే 49 లక్షల జౌళ్ల శక్తి ఎక్కడికో పోవాలి. గది వేడిమి దగ్గరున్న 15 లీటర్ల నీళ్లను మరిగించేంత వేడి అది. బ్రేకు మీద కాలు తీయకుండా దిగితే అదంతా బ్రేకు డ్రమ్ముల్లోకి వెళ్తుంది, లైనర్ల పట్టు సడలుతుంది. ఎక్కేటప్పుడు వాడిన గేరులోనే దిగితే అందులో పెద్ద భాగాన్ని ఇంజను తీసుకుంటుంది. బండి బరువు పది శాతం పెరిగితే ఈ వేడీ పది శాతం పెరుగుతుంది.

కాగితాల సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. అయితే దారి మూసుకుపోలేదు. సొంత వాడకానికి క్యాంపర్ వ్యాన్ అనే తరగతి 2004 కేంద్ర నోటిఫికేషన్‌లోనే ఉంది. ఇలాంటి నివాస వాహనాలకు ఏఐఎస్ 124 అనే ప్రమాణం ఉంది. డీసీఎం కొనకముందే డ్రాయింగు పట్టుకుని రవాణా కార్యాలయానికి వెళ్లి, తరగతి మార్పుకు ఏ అనుమతి కావాలో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. కట్టాక వెళ్తే ఇన్సూరెన్సు కూడా చిక్కుల్లో పడుతుంది.

నైపుణ్యం కోసం దూరం వెళ్లనక్కర్లేదు. గల్ఫ్‌లో ట్రైలర్లు నడిపి, వెల్డింగు, ఏసీ, వైరింగు పనులు చేసి వచ్చినవాళ్లు కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల పట్టణాల చుట్టూ ఎంతోమంది ఉన్నారు. వాళ్లకు డ్రాయింగూ లెక్కా చేతికిస్తే చాలు.

కట్టిన ఏడాదికి కొత్త సామాను మీద మనసు పోతుంది. ఫ్రిజ్జు, పక్క పందిరి, వాషింగ్ మెషీను, పైకప్పు మీద ఇంకో పెట్టె. అప్పుడు నీళ్లూ డీజిలూ నింపి, అందరూ ఎక్కి, రైసుమిల్లు దగ్గరి కాంటాకు పోవాలి. ముందు చక్రాలు మాత్రమే కాంటా మీద ఉంచి ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఉంచి ఒకసారి, మొత్తం బండి ఉంచి ఒకసారి, మూడు చీటీలు తీసుకోవాలి. మొత్తం హద్దులోనే ఉండి వెనక ఇరుసు ఒక్కటే దాటిన బండ్లు చాలా ఉంటాయి. వాటిలో ముందు చేయాల్సింది వెనకున్న స్టెప్నీ టైరునూ నీళ్లనూ ముందుకు జరపడం. కమాన్ పట్టీ ఒకటి అదనంగా వేయించుకుంటే బండి కుంగడం ఆగుతుంది కానీ ఇరుసుకూ బ్రేకుకూ టైరుకూ ఉన్న హద్దు పెరగదు. చీటీల మీది అంకెలను ఇరుసుకు ఉన్న టైర్ల సంఖ్యతో భాగించి, టైరు కంపెనీ పట్టికలో ఆ బరువుకు ఎంత గాలి రాసి ఉందో చూసి, ముందు చక్రాలకు వేరుగా, వెనక చక్రాలకు వేరుగా గాలి పట్టించాలి.