తెరకు తాళం – మన ట్రంకుపెట్టెల లెక్క

హాస్టల్‌లో చదివినవారికి తాళం గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కర లేదు. ట్రంకుపెట్టె, దానికో చిన్న తాళం, మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి – హాస్టల్‌లో చేరిన మొదటి రోజు నుండి మనకు తెలిసిన సంగతే. పెట్టెలో సబ్బు, కొబ్బరినూనె సీసా, సంక్రాంతికి ఇంటి నుండి తెచ్చుకున్న సకినాలు. పెట్టె ఎవరిది వారిదే, హాలు మాత్రం అందరిదీ. ఎవరైనా ఒకరు హాలు తలుపుకే తన సొంత తాళం వేసుకొని ఊరికి పోతే మిగతావాళ్ల గతి ఏమిటి? నవ్వులాటకు కూడా ఎవరూ అలా చేయరు. కాని కంప్యూటర్ దగ్గర మనలో చాలామంది చేస్తున్నది సరిగ్గా అదే.

మేము మా ఇళ్లలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి తరం. కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు పక్కన నిలబడి "ఇలా నొక్కు, అలా నొక్కకు" అని చెప్పేవారు మా ఇళ్లలో లేరు. తెర మీద ఏ మాటలు కనిపిస్తే అవే మాకు గురువులు. ఇప్పటి తమ్ముళ్లు మాకంటే ముందే ఫోన్ పట్టుకున్నారు, ప్యాటర్న్ లాక్ గీయడం మాకంటే బాగా వచ్చు. అయితే ఫోన్ ఒక్కరిది. దాని తాళం కూడా ఒక్కరి కోసమే. బల్ల మీది కంప్యూటర్ చాలాచోట్ల పదిమందిది. అందుకే దాని తాళం సంగతి వేరుగా తెలుసుకోవాలి.

విండోస్ కంప్యూటర్‌లో విండోస్ మీటను, ఎల్ మీటను కలిపి నొక్కితే తెర మూతపడుతుంది. దీన్నే లాక్ చేయడం అంటారు. లోపల మనం తెరిచిన ఫైళ్లు, రాస్తున్న ప్రాజెక్టు, డౌన్‌లోడ్ అవుతున్న పుస్తకం అన్నీ ఎక్కడివక్కడే నడుస్తుంటాయి. పాస్‌వర్డ్ కొడితే ఆగిన చోటు నుండే పని మొదలవుతుంది. లాగాఫ్, అంటే ఇప్పటి మాటలో సైన్ అవుట్, అలా కాదు. అది పెట్టె ఖాళీ చేసి హాలు నుండి బయటికి నడవడం. తెరిచినవన్నీ మూతపడతాయి. ఈ రెండింటికీ నడుమ మూడోది ఒకటుంది – స్విచ్ యూజర్. మన పెట్టెకు తాళం పడుతుంది, హాలు తలుపు మాత్రం తెరిచే ఉంటుంది. ఇంకొకరు వచ్చి వారి పేరుతో పని చేసుకోవచ్చు, మన సామాను వారికి కనిపించదు.

అసలు కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ ఎందుకొచ్చిందో చూస్తే మన కథలాగే ఉంటుంది. 1961లో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం సీటీఎస్‌ఎస్ అనే పద్ధతిని చూపించింది. ఒక్క పెద్ద యంత్రాన్ని అనేకమంది వేర్వేరు టెర్మినళ్ల మీద పంచుకొని వాడే పద్ధతి అది. ఎవరి ఫైళ్లు వారికే ఉండాలని ఒక్కొక్కరికి ఒక పాస్‌వర్డ్ ఇచ్చారు. అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి నాలుగు గంటల సమయమే కేటాయించారు. అది చాలక 1962లో అతను పాస్‌వర్డ్‌ల ఫైలునే ప్రింటు తీయించి, ఇతరుల పేర్లతో పని చేసుకున్నాడు. ఈ సంగతి ఎన్నో ఏళ్ల తర్వాత తానే చెప్పాడు. దొంగతనం దొంగతనమే అనుకోండి. కాని యంత్రం తక్కువై మనుషులు ఎక్కువైనప్పుడు ఏం జరుగుతుందో అది అప్పుడే చూపించింది.

తర్వాత బల్లకో కంప్యూటర్ వచ్చింది. తాళం తయారుచేసినవారు కూడా ఒక బల్ల, ఒక మనిషి అని అనుకొనే తయారుచేశారు. కంట్రోల్, ఆల్ట్, డెలీట్ మీటల కలయికను ఐబీఎం ఇంజనీరు డేవిడ్ బ్రాడ్లీ 1981 నాటి పీసీలో యంత్రాన్ని తిరిగి మొదలుపెట్టడానికి పెట్టాడు. పొరపాటున చేయి తగిలి జరగకూడదని రెండు చేతులూ కావలసిన మూడు మీటలు ఎంచుకున్నాడు. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ ఆ మూడు మీటలనే లోపలికి పోయే తలుపుగా మార్చింది. దానికి కారణం ఉంది. మామూలు ప్రోగ్రాం ఏదీ ఆ కలయికను మధ్యలో పట్టుకోలేదు. కాబట్టి ఎవరైనా దొంగ తెర తయారుచేసి మన పాస్‌వర్డ్ కాజేయాలనుకుంటే ఆ మూడు మీటలు నొక్కగానే బండారం బయటపడుతుంది. ఆ సంగతి తెలియని వాడేవారికి అదొక చాదస్తంలాగే కనిపించింది. 2013లో హార్వర్డ్ సభలో బిల్ గేట్స్ కూడా దానికి ఒకే మీట ఉండాల్సిందని, మూడు మీటలు పెట్టడం పొరపాటేనని ఒప్పుకున్నాడు.

ఆ కాలపు విండోస్ ఎన్‌టీ, విండోస్ 2000 లాక్ తెర ఒక మాట చెప్పేది: ఈ కంప్యూటర్‌ను ఫలానా వ్యక్తి లాక్ చేశాడు, అతను గాని అడ్మినిస్ట్రేటర్ గాని మాత్రమే తెరవగలరు. ఒక్కొక్కరికి ఒక బల్ల ఉన్న ఆఫీసులో ఇది న్యాయమే. పదిమంది ఎదురుచూసే ల్యాబులో మాత్రం ఇది హాలు తలుపుకు వేసిన తాళం. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ యూజర్‌ను మార్చుకునే వీలు ఇచ్చింది. అది కూడా ఇళ్లలోని కంప్యూటర్లకే. సర్వర్‌కు డొమైన్‌గా కలిపిన కాలేజీ, ఆఫీసు యంత్రాలకు ఆ వీలు 2007లో విస్టాతో గాని రాలేదు. ఎక్కువమంది పంచుకునే చోటికే ఆలస్యంగా వచ్చిందన్నమాట.

మన రాష్ట్రం సంగతి చూద్దాం. 2008లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5,000 ప్రభుత్వ పాఠశాలలకు కంప్యూటర్ విద్య పథకం వచ్చింది. ఒక పీసీకి చిన్న చిన్న పెట్టెలు తగిలించి, ఒక్కోదానికి ఒక మానిటర్, కీబోర్డు, మౌస్ పెట్టే ఎన్‌కంప్యూటింగ్ పద్ధతిని అందులో వాడారు. దాదాపు 50,000 సీట్లు, 18 లక్షల మంది పిల్లలు అని ప్రకటించారు. భాగిస్తే ఒక సీటుకు 36 మంది. ఈ పద్ధతిలో ఒక సీటు లాక్ అయితే పక్క సీటుకు నష్టం లేదు. అయితే మెదడంతా ఒక్క డబ్బాలో ఉంటుంది. ఎవరో ఒకరు తన తెర కదలడం లేదని ఆ డబ్బా పవర్ బటన్ నొక్కితే దానికి తగిలించిన తెరలన్నీ ఒకేసారి ఆరిపోతాయి.

చెరుకు సీజన్ చూసిన బోధన్ వైపు మిత్రులకు ఒక ఉదాహరణ చాలు. కాటా మీద ట్రాక్టర్ నిలిపి డ్రైవర్ చాయ్‌కి పోతే ఏమవుతుంది? వెనక లైను ఆగిపోతుంది. అందరూ అడిగేవి మూడే ప్రశ్నలు. ఇది ఎవరిది? ఎప్పుడు పోయిండు? మేము పక్క నుండి పోవచ్చా? లాక్ అయిన కంప్యూటర్ ముందు నిలబడ్డ విద్యార్థికి కూడా ఈ మూడే కావాలి. తెర మీద పేరు కనిపిస్తుంది. గడియారం ఉంటుంది గాని అది ఇప్పటి టైమే, తాళం పడిన టైము కాదు. మూడో ప్రశ్నకు జవాబు ఒక మూలన ఇంగ్లీషులో ఉంటుంది, కొన్ని అమరికల్లో అది కూడా కనిపించదు. అప్పుడు పిల్లవాడు ఏం చేస్తాడు? "ఎవలు లాక్ చేసిన్రో ఏమో అన్నా" అని పవర్ బటన్ గట్టిగా పట్టుకుంటాడు. తెర మీది షట్‌డౌన్ నుండి పోతే ఇంకొకరు ఈ యంత్రాన్ని వాడుతున్నారు, వారి పని పోవచ్చు అని విండోస్ హెచ్చరిస్తుంది. పవర్ బటన్‌ను అలాగే పట్టుకుంటే ఏ హెచ్చరికా లేదు. వర్డ్ మామూలుగా పది నిమిషాలకు ఒకసారి తనంతట తాను దాచుకుంటుంది కాబట్టి కొంత దక్కుతుంది. బ్రౌజర్‌లో సగం నింపిన దరఖాస్తు మాత్రం చాలాసార్లు పోయినట్టే. ఇందులో పిల్లవాడి తప్పు కంటే జవాబు చెప్పని తెర తప్పే ఎక్కువని మా అభిప్రాయం.

తాళం వేసినవారి కష్టాలు ఇంకో రకం. పాస్‌వర్డ్ చుక్కలుగా పడుతుంది గనుక లోపల ఏం పడిందో తెలియదు. కాప్స్ లాక్ వెలిగి ఉంటే చిన్న అక్షరాలు పెద్దవవుతాయి. నమ్ లాక్ ఆరి ఉంటే కుడివైపు అంకెల మీటలు అంకెలే వేయవు. తెలుగు టైపింగ్ నేర్చుకునే మనకు ఇంకో చిక్కుంది. కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్ తెలుగులో ఉండిపోతే కే నొక్కితే క, జే నొక్కితే ర, ఎల్ నొక్కితే త పడతాయి. చుక్కల వెనక అవి మనకు కనిపించవు, "పాస్‌వర్డ్ తప్పు" అన్న మాట మాత్రం కనిపిస్తుంది. తెర మూలన భాష గుర్తు ఉంటుంది, ముందు దాన్ని చూడాలి. 2012లో విండోస్ 8తో బొమ్మ, గడియారం ఉన్న మూత ఒకటి వచ్చింది. చాలా యంత్రాల్లో మనం నొక్కిన మొదటి మీట ఆ మూత తీయడానికే ఖర్చవుతుంది, పాస్‌వర్డ్‌లో మొదటి అక్షరం లోపిస్తుంది. ఏదో ఒక మీట నొక్కి, పెట్టె కనిపించాకే టైపు చేస్తే ఆ బాధ ఉండదు. పెట్టె పక్కన కన్ను గుర్తు ఉంటే, వెనక ఎవరూ లేనప్పుడు, అది నొక్కి అక్షరాలు చూసుకోవచ్చు.

తాళం ఇబ్బంది పెడితే మనుషులు తాళాన్నే తప్పిస్తారు. దీనికి చదువు, తెలివి అడ్డు రావు. అమెరికా ఆసుపత్రుల్లో కంప్యూటర్ల వాడకం మీద రాస్ కాపెల్, షాన్ స్మిత్, మరికొందరు పరిశోధకులు 2015లో ఒక వ్యాసం ప్రచురించారు. మనిషి పక్కకు జరగగానే తెర మూసే సెన్సార్ల మీద సిబ్బంది థర్మకోల్ కప్పులు బోర్లించారట. తెరలు మూతపడకుండా స్పేస్ బార్ నొక్కుతూ ఉండే పనిని అందరికంటే చిన్నవాడికి అప్పగించారట. మా చదువు కాలంలో ఒక ల్యాబులో పాస్‌వర్డ్ కాగితం మానిటర్‌కే అంటించి ఉండటం మేము చూశాం. తాళం వేసి గొళ్లెం మరచినట్టు అంటే ఇదే.

లినక్స్ లోకంలో 2021 జనవరిలో ఒక తమాషా జరిగింది. లినక్స్ మింట్ వాడే ఒక తండ్రి కంప్యూటర్ మీద ఇద్దరు పిల్లలు మీటలన్నీ, తెర మీది కీబోర్డు కూడా, ఇష్టమొచ్చినట్టు నొక్కితే లాక్ తెర కూలిపోయి లోపల ఉన్నదంతా కనిపించింది. తండ్రి రాసి పంపాక లోపం దొరికింది, సరిచేశారు.

ఇంతకంటే మనకు పెద్ద ప్రమాదం నెట్ సెంటర్. 2016 నుండి డిగ్రీ సీట్లు దోస్త్ ద్వారానే నిండుతున్నాయి. ఈ-పాస్ స్కాలర్‌షిప్ దరఖాస్తు కూడా ఆన్‌లైనే. నిజామాబాద్‌లో నెట్ సెంటర్‌లో కూర్చొని వెబ్ ఆప్షన్లు పెడుతూ, నడుమ జిరాక్సుకు లేచేటప్పుడు తెర లాక్ చేస్తే చాలనుకునే తమ్ముళ్లున్నారు. ఆ యంత్రం పాస్‌వర్డ్ సెంటర్ వారి దగ్గర ఉంటుంది. ఒక్కోసారి అసలు పాస్‌వర్డే ఉండదు. అక్కడ తెర తాళం మనది కాదు. వెబ్‌సైట్‌లోనే లాగౌట్ నొక్కాలి. బ్రౌజర్ పాస్‌వర్డ్ దాచమంటావా అని అడిగితే వద్దనాలి. డౌన్‌లోడ్స్‌లో పడిన ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం, బ్యాంకు పాస్‌బుక్ కాపీలు తుడిచి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయాలి. ఒక ఆప్షన్ మారితే ఏడాది చదువు ఇంకో ఊరికి పోతుంది. మోసపూరితంగా ఇంకొకరి పాస్‌వర్డ్ వాడటం ఐటీ చట్టం 66సీ సెక్షన్ కింద నేరమే, మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా ఉన్నాయి. కాని కేసు తేలే లోపు కౌన్సెలింగ్ అయిపోతుంది.

ఇక హాస్టల్ కంప్యూటర్ ఉన్నచోట ఏం చేయవచ్చు? అందరికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ వద్దు. ఒక్కొక్కరికి ఒక సాధారణ ఖాతా, అడ్మినిస్ట్రేటర్ ఖాతా మాత్రం వార్డెన్ సార్ దగ్గర. లేచి పోయేవారు విండోస్, ఎల్ నొక్కిపోతే చాలు. వచ్చేవారు తెర మీద తమ పేరు ఎంచుకుంటే యూజర్ మారిపోతుంది. అయితే ఇది ఉచితంగా రాదు. లోపల ఉండిపోయిన ప్రతి పేరూ కొంత మెమరీ తింటుంది. 4 జీబీ యంత్రంలో ఐదుగురి పెట్టెలు ఉండిపోతే ఆరోవాడికి నడవదు. అందుకే పని పూర్తయినవారు లాక్ కాదు, సైన్ అవుట్ చేయాలి. తెర తనంతట తాను మూతపడే గడువు కార్డు లావాదేవీలు చేసే సంస్థల ప్రమాణంలో 15 నిమిషాలు. నోట్సు చూసి టైపు చేసుకునే పిల్లలకు రెండు నిమిషాలు పెడితే విసుగొచ్చి తీసేస్తారు, పది పెట్టండి.

ఎవరో లాక్ చేసి ఊరికి పోతే పవర్ బటన్ ముట్టకండి. ముందు వారికి ఫోన్ చేసి ఏం తెరిచి ఉందో అడగండి. సార్ తన ఖాతాలో ప్రవేశించి టాస్క్ మేనేజర్‌లో యూజర్స్ అనే చోట ఆ పేరు మీద సైన్ ఆఫ్ నొక్కితే ఆ ఒక్క పెట్టే మూతపడుతుంది, మిగతావారి పని అలాగే ఉంటుంది. విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగింది గనుక పాత యంత్రాలున్నచోట లినక్స్ వేసుకోవచ్చు. అందులోనూ ఇలాగే వేర్వేరు ఖాతాలు పెట్టుకోవచ్చు, తెర మీది మాటలు తెలుగులో పెట్టుకునే వీలు కూడా ఉంది. మాక్లూర్‌లో ఈ అమరిక చేయదలచుకుంటే తమ్ముళ్లు ఏ ఆదివారమైనా కబురు చేయండి, వచ్చి దగ్గరుండి ఖాతాలు తెరిచి పెడతాం. పేర్ల జాబితా మాత్రం ముందే రాసి ఉంచండి, హాజరు పట్టీలో ఉన్న వరుసలోనే.