ఫేలిక్సు ఎదురుచూసిన డబ్బు

గోదావరి జిల్లాల్లోని ఒక చిన్న సంఘంలో కొన్నేళ్ల క్రితం ఆదివారం ఆరాధన ముగిశాక ఒక మాట గుప్పుమంది. ఇంటిపనికి కువైట్ వెళ్లిన ఒక సహోదరి యజమాని ఇంట్లోంచి పారిపోయిందట. ఎవరితోనో ఉంటోందట అని సాయంత్రానికి, బంగారం ఎత్తుకుపోయిందట అని మరుసటి ఆదివారానికి ఆ మాట పెరిగింది. చూసినవారు ఒక్కరూ లేరు. పక్క ఊరి డ్రైవరు ఒకడు అక్కడి నుండి ఫోనులో చెప్పాడన్నదే ఆధారం. ఆమె తల్లి రెండు నెలలపాటు మందిరం గడప తొక్కలేదు.

జరిగింది వేరు. ఏడు నెలల జీతం అడిగినందుకు ఆమెను కొట్టారు. బయటపడి మన రాయబార కార్యాలయానికి చేరేలోపే, ఆమె పరారైందని యజమాని పోలీసులకు ఫిర్యాదు చేశాడు. గల్ఫ్‌లో యజమానికి ఇది ఎంతో తేలిక. అకామా అనే నివాసపత్రం అతని పేరుతోనే ముడిపడి ఉంటుంది గనుక, ఒక్క ఫిర్యాదుతో జీతం రావలసిన మనిషి కాస్తా చట్టం ముందు దోషి అయిపోతుంది. సౌదీలో ఈ ముద్రను హురూబ్ అంటారు. మనవాళ్లు ‘ఖల్లివెల్లి’ అంటారు. అక్కడ కాగితం మీద అబద్ధం, ఇక్కడ మందిరం మెట్ల మీద అబద్ధం. రెండింటి మధ్య ఆ తల్లి.

అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయం నుండి వరుసగా చదివితే పౌలుకు జరిగింది కూడా ఇదేనని అనిపిస్తుంది. కిలికియలోని తార్సులో పుట్టి, ఎన్నో దేశాలు తిరిగి యెరూషలేముకు వచ్చిన మనిషి ఆయన. ఆయన రాకముందే ఆయన గురించిన పుకారు అక్కడికి చేరింది, అదీ విశ్వాసుల మధ్యనే. ఎఫెసువాడైన త్రోఫిము ఆయనతో పట్టణంలో కనబడ్డాడు గనుక, అతన్ని దేవాలయంలోకి తెచ్చి ఉంటాడని ఆసియ నుండి వచ్చిన యూదులు ఊహించుకున్నారు. ఊహ కేకగా మారింది, కేక అల్లరిగా మారింది. పట్టుకున్న రోమా అధికారి కూడా ఈయన నాలుగువేలమంది నరహంతకులను అరణ్యానికి తీసుకుపోయిన ఐగుప్తీయుడేమో అనుకున్నాడు. ముఖం చూడకముందే కేసు సిద్ధం!

ఆ అధికారి లూసియ రాసిన ఉత్తరాన్ని మనం సాధారణంగా గబగబా చదివి దాటిపోతాం. ఈయన రోమీయుడని తెలిసి, వెళ్లి రక్షించానని అతడు గవర్నరుకు రాశాడు. నిజానికి అతడు ముందు సంకెళ్లు వేయించాడు, కొరడాలతో కొట్టించబోయాడు, ఆ తరువాతే రోమీయుడని తెలుసుకున్నాడు. తన తప్పు కనబడకుండా రికార్డు దిద్దుకున్న ఈ అధికారిని ఏ దేశపు స్టేషన్‌లోనైనా చూడవచ్చు.

ఇక ఫేలిక్సు. పౌలు నిర్దోషి అని తీర్పు చెప్పడానికి కావలసినదంతా అతని ముందుంది. తన జనులకు దానద్రవ్యం తెచ్చానని పౌలు విచారణలోనే చెప్పాడు. ఆ మాట ఫేలిక్సు చెవిలో ఎలా పడిందో గానీ, డబ్బు ముడుతుందన్న ఆశతో ఆయనను మాటిమాటికీ పిలిపించాడని లూకా మొహమాటం లేకుండా రాశాడు. ఖైదీని విడిచిపెట్టడానికి డబ్బు తీసుకోవడం రోమా చట్టంలోనూ నేరమే. అయినా రెండేళ్లు గడిచాయి. ఫేలిక్సు బదిలీ అయిపోతూ, యూదులను మంచి చేసుకోవడానికి పౌలును బంధకాల్లోనే విడిచిపోయాడు. ఆ తరువాత కైసరయ యూదులు నీరో దగ్గర ఫేలిక్సు మీద ఫిర్యాదు చేస్తే, అన్న పల్లసు పలుకుబడితో అతడు శిక్ష తప్పించుకున్నాడని చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు.

మన దగ్గర ఈ బేరం విమానం ఎక్కకముందే మొదలవుతుంది. 1983 నాటి వలస చట్టం కింద, పదో తరగతి పాసుకాని వారు గల్ఫ్ వంటి దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఇంటిపనికి వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండి ఉండాలి. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోదగిన రుసుముకు ప్రభుత్వం 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ అని పరిమితి పెట్టింది. వీటిని తప్పించుకోవడానికి దొంగ ఏజెంటు విజిట్ వీసా అంటాడు, విమానాశ్రయంలో మాట్లాడి ఉంచామంటాడు. ఆ మాట్లాడటం అంటే ఏమిటో అందరికీ తెలుసు. వలస వెళ్లేవారిని కాపాడవలసిన కార్యాలయాల్లోని అధికారులనే లంచం కేసుల్లో సీబీఐ అరెస్టు చేసిన సందర్భాలున్నాయి. చదువుకున్నవారు మోసపోరనుకోవడం కూడా పొరపాటే. 2024లో విశాఖపట్నం నుండి డేటా ఎంట్రీ ఉద్యోగమని కంబోడియా వెళ్లిన యువకులు సైబర్ మోసాల కేంద్రాల్లో బందీలయ్యారు.

అలాంటప్పుడు విశ్వాసి డబ్బు ఇవ్వవచ్చా? పౌలు ఇవ్వలేదు, రెండేళ్లు కూర్చున్నాడు అని చెప్పడం నాలాంటివారికి తేలిక. బిడ్డ పరాయి దేశపు జైల్లో ఉంటే ఏ తల్లి అయినా తాళిబొట్టు కూడా అమ్ముతుంది. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. అయితే నేను చూసినంతవరకు, విడిపిస్తానని వచ్చే రెండో బ్రోకరు మొదటివాడికి తోడుదొంగే. డబ్బు పోయింది, మనిషి రాలేదు. పౌలు చేతులు కట్టుకుని కూర్చోలేదని కూడా గమనించాలి. కొరడా ఎత్తగానే పౌరసత్వం అడిగాడు. ఫేస్తు కాలంలో కైసరు ఎదుట చెప్పుకుంటానన్నాడు. చట్టంలో ఉన్న ప్రతి తలుపూ తట్టాడు.

నాకు మరీ ఇష్టమైన వ్యక్తి ఆయన మేనల్లుడు. పేరు కూడా లేదు. నలభైమందికి పైగా మనుషులు పౌలును చంపేదాకా అన్నపానాలు ముట్టమని ఒట్టు పెట్టుకున్నారని ఆ అబ్బాయికి తెలిసింది. అతడు దాన్ని వీధిలో నలుగురికీ చెప్పలేదు. సరాసరి కోటలోకి వెళ్లి పౌలుకు చెప్పాడు, తరువాత అధికారికి చెప్పాడు. ఆ రాత్రే 470 మంది సైనికుల కాపలాతో పౌలు యెరూషలేము దాటాడు. ఒక సమాచారం సరైన చెవికి చేరితే అంత పని జరిగింది. మన సంఘంలో అదే సమాచారం ఎన్ని చెవులు తిరిగిందో!

ఆ సహోదరి చివరికి ఇంటికి వచ్చింది. యజమాని పట్టుకున్న పాస్‌పోర్టు దొరకలేదు, రాయబార కార్యాలయం ఇచ్చిన తాత్కాలిక పత్రంతో వచ్చింది. రాని జీతం రానేలేదు. మొదటి ఆదివారం వెనుక వరుసలో చాప చివర కూర్చుంది. ఎవరూ మాట్లాడలేదు. ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం పెద్దమ్మగారు ఒకరు ఆమె తల్లి దగ్గరకు వెళ్లి, “ఆ మాట నేనూ నలుగురితో అన్నానమ్మా” అని అందరూ వినేలా ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఆ సంఘంలో ఎవరు విదేశానికి బయలుదేరినా ప్రార్థన ముగిశాక పాస్టరమ్మగారు ఒక నోటుపుస్తకం తెస్తారు. పాస్‌పోర్టు నంబరు, ఏజెంటు లైసెన్సు నంబరు, వీసా రకం, యజమాని ఫోను, రాయబార కార్యాలయం ఫోను, అన్నీ అందులో రాసుకుంటారు. పోయిన నెల ఒక అబ్బాయి ఏజెంటు లైసెన్సు నంబరు చెప్పలేకపోయాడు. ప్రయాణం ఆపుకోమన్నారు. అతనికి ఇంకా కోపంగానే ఉంది.