రుమాలు: తల నుంచి జేబుకు

తెలంగాణ పల్లెలో తాత 'రుమాలు' అందుకోమంటే మనవడు తలకు చుట్టుకునే పాగా తెచ్చివ్వాలి. చెమట తుడుచుకునే గుడ్డ కావాలంటే తాత అడిగేది 'దస్తీ'. కోస్తా వైపు వస్తే రుమాలు తల దిగి జేబులో చేరుతుంది. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద పడితే అదే 'కర్చీఫ్'. జానెడు గుడ్డకు ఇన్ని పేర్లెందుకు? ఒక్కో పేరు విప్పితే ఆ గుడ్డ చేసిన ఒక్కో కొలువు బయటపడుతుంది.

'రుమాలు' పారసీ మాట. 'రూ' అంటే ముఖం, 'మాల్' అంటే తుడిచేది. 'దస్తీ'లోని 'దస్త్' అంటే చెయ్యి. దస్తావేజులోనూ, దస్కత్తులోనూ ఉన్నది ఆ చెయ్యే. కర్చీఫ్ మూలం పాత ఫ్రెంచిలో ఉంది. దానికి అర్థం తలను కప్పేది, అంటే తలగుడ్డ. ఇంగ్లండులో ఆ తలగుడ్డ చేతిలోకి వచ్చాక 16వ శతాబ్దంలో ముందు 'హ్యాండ్' చేరింది. జేబులోకి వెళ్లాక 'పాకెట్' కూడా తోడైంది. అక్షరాలా చెప్పాలంటే అది 'జేబు చేతి తలగుడ్డ'! తల కప్పేదని పేరున్నది అక్కడ ముక్కు తుడుస్తుంటే, ముఖం తుడిచేదని పేరున్నది మన దగ్గర తలకెక్కింది.

తలకెక్కిన రుమాళ్లలో ఘనమైనది తేలియా రుమాలు. చీరాల నేతగాళ్లు నేసిన ఈ చదరపు గుడ్డలు అరబ్బు దేశాలకు ఓడల్లో వెళ్లి అక్కడివాళ్ల తలలకు ఎండ కాపు అయ్యాయి. 'తేల్' అంటే నూనె. నేతకు ముందు నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలో రోజుల తరబడి నానబెడతారు, పిసుకుతారు, ఆరబెడతారు. బూడిదలోని క్షారంతో కలిసిన నూనె పోగులోకి ఇంకి, ఎర్ర రంగు గట్టిగా పట్టేందుకు ఆధారమవుతుంది. అందుకే ఆ ఎరుపు ఎన్ని ఉతుకులకైనా నిలుస్తుంది. చీరాల విద్యను నిలబెట్టుకున్న యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అక్కడి నేతగాడు గజం గోవర్ధన్‌కు 2011లో పద్మశ్రీ వచ్చింది.

జేబులోని రుమాలు మెప్పు మాత్రం నూలుదే. నూలు పోగు సెల్యులోజ్. దాని అణువుల అంచుల్లో నీటిని ఆకర్షించే ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు బారులు తీరి ఉంటాయి. పోగుల మధ్య సందులు సన్నని గొట్టాల్లా చెమటను లోపలికి లాగుతాయి. ప్రమిదలో వత్తి నూనెను పైకి తెచ్చుకునేదీ ఇలాగే. మామూలు గాలిలో నూలు తన బరువులో సుమారు 8 శాతం తేమను పట్టి ఉంచుకుంటే, పాలిస్టర్ అర శాతం కూడా పట్టలేదు. పైగా తడిసినప్పుడు నూలు బలం పెరుగుతుంది. బండ మీద బాదినా చిరగనిది అందుకే. కొత్త రుమాలు చెమట పీల్చదంటే తప్పు నూలుది కాదు, పైన ఉన్న గంజిది. రెండు ఉతుకులు పడితే దారికొస్తుంది.

నీటిని పట్టుకునే ఆ గుణమే రుమాలుకు చిక్కు తెచ్చింది. 1882లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనిపెట్టాక, జలుబు చేసినవాడి జేబులో మడత పెట్టిన తడిగుడ్డను చూసే చూపు మారింది. ముఖానికి రాసుకున్న క్రీము తుడవడానికని 1924లో అమెరికాలో వచ్చిన క్లీనెక్స్ కాగితం, 1930 నాటికి వాడి పారేసే రుమాలుగా అమ్ముడుపోసాగింది. జలుబు రోజుల్లో కాగితమే మేలు. చెమటకు, కడిగిన చేతులకు మాత్రం రోజూ ఉతికి ఎండలో ఆరేసిన నూలు రుమాలుకు సాటి లేదు. చెత్తబుట్టకు చేరకుండా ఏళ్ల తరబడి పనిచేస్తుంది.

2020లో కరోనా వచ్చింది. మాస్కులు దొరకని ఆ తొలి రోజుల్లో పొలానికి వెళ్లే కూలీ, కూరగాయలమ్మే అవ్వ చేతికందిన రుమాలునే ముక్కూ నోరూ మూసేలా కట్టుకున్నారు. ఫ్రెంచి పేరులోని 'కప్పడం', పారసీ పేరులోని 'ముఖం' ఆ రోజు ఒకే గుడ్డలో కలుసుకున్నాయి.