వాళ్ల వైన్‌కి సంవత్సరం.. మా కల్లుకి గంట!

ఇటలీలో ఒక సాయంత్రం నడిచినందుకు 65 యూరోలు కట్టాను. మన లెక్కలో దాదాపు 6 వేలు. ఫోన్‌లో ఈ ముచ్చట చెబితే అమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "నడిచేదానికి పైసలెందుకురా?"

పోయినేడాది ఆఫీస్ పని మీద మూడు వారాలు రోమ్‌లో ఉన్నా. శనివారం రూమ్‌లో పడుకోవడం ఎందుకని వెతికితే ఫ్రస్కాటి అనే ఊరు తగిలింది. రోమ్ పెద్ద స్టేషన్ నుంచి లోకల్ ట్రైన్‌లో అరగంట. కొండ మీద చిన్న ఊరు, చుట్టూ ద్రాక్షతోటలు. సాయంత్రం అయిదింటికి ఒక గైడ్ ఎనిమిది మందిని వెంటేసుకుని సందుసందూ తిప్పింది. ఆగినచోటల్లా ఏదో ఒకటి తినిపించింది, తాగించింది. రాత్రి తొమ్మిదింటికి మళ్లీ స్టేషన్ దగ్గర వదిలేసింది.

నిజం చెప్పాలంటే తిండి అదిరింది. పొర్కెట్టా అని, వెల్లుల్లి, ఆకులు కూరి గంటల కొద్దీ కాల్చిన పంది మాంసం.. పైన తోలు అప్పడంలా కరకరలాడుతుంది. ఆ తర్వాత గుండ్రటి బిస్కెట్లు వచ్చాయి. చూస్తే అచ్చం మన చేగోడీలు! పిండిలోనే వైన్ పోసి కలుపుతారట, మళ్లీ వైన్‌లోనే ముంచుకుని తినాలి. ఇంకో బేకరీలో అమ్మాయి బొమ్మలా చేసిన తేనె బిస్కెట్ చూపించారు. ఆ బొమ్మకి మూడు రొమ్ములు. రెండు పాలకి, ఒకటి వైన్‌కి అని గైడ్ చెప్పగానే అందరం పడీ పడీ నవ్వాం.

అసలు షాక్ చివర్లో తగిలింది. ఫ్రస్కెట్టా అనే పాతకాలం వైన్ కొట్టు. కొత్త వైన్ రాగానే గుమ్మానికి పచ్చికొమ్మ కట్టేవాళ్లట, ఆ కొమ్మ పేరే కొట్టుకి వచ్చింది. కొట్టువాడు వైన్ మాత్రమే అమ్ముతాడు. తిండి మనమే మూట కట్టుకుని తెచ్చుకోవాలి. ఇప్పుడు తిండి కూడా పెడుతున్నారు గానీ పాత పద్ధతి అదే.

పొడుగు బెంచీ, వాళ్లూ వీళ్లూ అని లేకుండా పక్కపక్కన కూర్చున్న జనం, కాగితంలో విప్పిన మాంసం. ఒక్క క్షణం నాకు ఇటలీ కనబడలేదు. మా గద్వాల కల్లు కాంపౌండ్ కనబడింది!

గైడ్ మూడు గ్లాసులు వరసగా పెట్టింది. ఒకటి మామూలుది, ఒకటి ఇంకాస్త ముదురు రుచి, మూడోది కన్నెల్లినో అనే తియ్యటిది. ఫ్రస్కాటి అనే పేరుకి 1966 నుంచే చట్టం రక్షణ ఉందని చెప్పింది. వాళ్ల తాత ఇక్కడి తోటల్లోనే కూలి చేశాడని గర్వంగా చెప్పి, ఫోన్‌లో ఆయన ఫొటో కూడా చూపించింది. తర్వాత నన్ను అడిగింది, "మీ ఊళ్లో ఏం తాగుతారు?"

"మా దగ్గర పెద్దగా తాగరు" అన్నాను.

మా తాత గీత కార్మికుడు. మా నాయిన గీత కార్మికుడు. మా చిన్నాయిన ఇప్పటికీ పొద్దునా సాయంత్రం చెట్టెక్కుతాడు. పొద్దాటి కల్లు, మాపటి కల్లు అమ్మిన డబ్బుతో చదువుకున్నవాణ్ని అంత ఈజీగా ఆ మాట అనేశాను. ఆ 65 యూరోల్లో నాకు బాగా గుర్తుండిపోయింది అదే.

టూర్ గైడ్‌గా నేను

ఇటలీ ఫొటోలతో ఆర్నెల్లు బోర్ కొట్టించేసరికి టీమ్‌వాళ్లకి ఒళ్లు మండింది. "మీ ఊళ్లో చూపించడానికి ఏం లేదా?" అన్నారు. డిసెంబర్‌లో ఒక శనివారం ముగ్గురిని కారులో వేసుకుని బయల్దేరా. ఒకడిది భీమవరం, ఇంకొకడిది వరంగల్, అమ్మాయిది కొచ్చి.

హైదరాబాద్ నుంచి గద్వాల దాదాపు 190 కిలోమీటర్లు. కొత్తకోట దగ్గర వనపర్తి బోర్డు చూపించి, "నేను రాజుగారి ప్యాలెస్‌లో చదివా తెలుసా" అన్నా. ఎవడూ నమ్మలేదు. వనపర్తి సంస్థానం రాజభవనంలోనే 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. అంత ఎత్తు స్తంభాల కింద కూర్చుని సి ప్రోగ్రామింగ్‌లో సెమికోలన్ మరిచిపోయిన బ్యాచ్ మాది. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి ఎర్రవల్లి చౌరస్తాలో కుడికి తిరిగితే మా ఊరు. పైన కృష్ణ, కింద తుంగభద్ర, మధ్యలో మేము. అందుకే ఈ నేలని నడిగడ్డ అంటారు.

నాలుగింటికి కోట దగ్గర మొదలుపెట్టాం. సోమనాద్రి కట్టించిన కోట. లోపల చెన్నకేశవస్వామి గుడి ఉంది, డిగ్రీ కాలేజీ కూడా ఉంది. ఒకవైపు గంట, ఇంకోవైపు బైక్ హారన్లు. అక్కణ్నుంచి నేత సందుల్లోకి. మగ్గం చప్పుడు వినబడగానే కొచ్చి అమ్మాయి ఆగిపోయింది. గద్వాల చీరకి ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండింటినీ మగ్గం మీదే పోగూ పోగూ ముడేసి కలుపుతారు, కుట్టు కాదు. 2010లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిరుమల బ్రహ్మోత్సవాలకి స్వామివారి జోడు పంచెలు కూడా ఇక్కడే నియమంగా నేస్తారు. ఈ ముక్కలన్నీ నేను చాలా కాన్ఫిడెంట్‌గా చెప్పాను. చీర గురించి గద్వాలవాడు ఎక్కడైనా గొంతెత్తి చెప్తాడు.

సందు చివర మిర్చి బజ్జీ. రాయచూరు పక్కనే కదా, మాకు బజ్జీ ఒక్కటే సరిపోదు, పక్కన ఉల్లిగడ్డ కలిపిన బొరుగులు ఉండాల్సిందే. భీమవరం వాడు నాలుగు తిన్నాడు. "గోదావరి వాళ్లకి బజ్జీ అంటే లెక్కలేదు" అంటూనే.

కొంచెం ముందుకెళ్తే ఒక కల్లు కాంపౌండ్. గేటు బయట పెద్దమ్మలు గుడాలు, వేయించిన చేపలు, బోటి అమ్ముతున్నారు. కొచ్చి అమ్మాయి మొహం వెలిగిపోయింది. వాళ్ల దగ్గర కూడా దీని పేరు కల్లే! కేరళలో కల్లు షాపుకి చేపల కూర తినడానికే పనిగట్టుకుని వెళ్తారట. "లోపలికి వెళ్దాం" అంది.

"ఇక్కడ వద్దు" అన్నా.

ఎందుకో చెప్పాల్సి వచ్చింది. ఆ కాంపౌండ్ మంచిదో కాదో నాకు తెలియదు, దాన్ని అనట్లేదు. కానీ తాగేవాళ్లు ఎక్కువై, చెట్లు తక్కువైన చోట నీళ్లూ శాక్రిన్ కలుస్తాయి. మత్తు కోసం అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుస్తాయి. మొదటి రెండూ డాక్టర్ చీటీ మీద ఇచ్చే మందులు. రోజూ తాగినవాడికి తెలియకుండానే మందు అలవాటైపోతుంది. 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి సరఫరా తగ్గినప్పుడు మన పాలమూరులో, నిజామాబాద్ వైపు వణుకుతూ, వింతగా మాట్లాడుతూ జనం ఆస్పత్రులకి వరస కట్టారు. వాళ్లకి దిగిపోయింది కల్లు మత్తు కాదు, మాత్రల మత్తు.

ఫ్రస్కాటిలో సీసా మీద తోట పేరు ఉంటుంది. ఇక్కడ గ్లాసులో పోసింది ఏ చెట్టుదో అడిగే అలవాటే మనకి లేదు. నాకు గ్యారంటీ తెలిసిన చెట్లు ఊరి బయట మాత్రమే ఉన్నాయి. నడవాలి, మూడు కిలోమీటర్లు. గొణుక్కుంటూ నడిచారు.

వాగొడ్డు టేస్టింగ్

చలికాలం కాబట్టి ఈత కల్లు. తాటికైతే గెలని గీస్తారు, ఈతకి మాను మెడ దగ్గర గీస్తారు. మేం వెళ్లేసరికి చిన్నాయిన చెట్టు మీదున్నాడు. నడుముకి మోకు, కాళ్లకి బంధం, వెనక కత్తి. లొట్టి దించి, మళ్లీ పల్చగా ఒక గీత గీసి, ఖాళీ లొట్టి కట్టి దిగాడు. మొత్తం అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. వరంగల్ వాడు వీడియో తీద్దామని ఫోన్ అన్‌లాక్ చేసేలోపే కిందున్నాడు.

"తాటి చెట్టయితే ఇంత జల్ది కాదు" అన్నాడు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ.

చిన్నమ్మ, అమ్మ కలిసి తిండి తెచ్చారు. జొన్న రొట్టెలు, పల్లీల చట్నీ, బోటి, జూరాల నుంచి మధ్యాహ్నమే తెచ్చి వేయించిన చేపలు. జూరాల డ్యామ్ దగ్గర చేపల వేపుడు కోసం హైదరాబాద్ నుంచి కూడా వస్తారు. కానీ అమ్మ వేపుడు ముందు అది కొంచెం తక్కువే, రాసి పెట్టుకోండి.

నేను ఇటలీ స్టైల్‌లో మూడు చెంబులు వరసగా పెట్టా. ఒకటి ఇప్పుడే దించింది. కొబ్బరినీళ్లకి కాస్త చక్కెర, కాస్త చురుకు కలిపినట్టుంటుంది. రెండోది పొద్దున దించింది. నురగ, పులుపు, నాలుక మీద చిటపట. మూడోది నిన్నటిది. భీమవరం వాడు ఒక గుక్క తాగి "ఇది వెనిగర్ బాబోయ్" అన్నాడు. కరెక్టే, ఇంకో రోజు ఆగితే వెనిగరే.

లాజిక్ సింపుల్. చెట్టు నీళ్లలో చక్కెర ఉంటుంది. గాల్లో, లొట్టిలో ఉన్న ఈస్ట్ దాన్ని మొదటి గంట నుంచే తినడం మొదలుపెడుతుంది. సాయంత్రానికి ఘాటు బీరుకి దగ్గరగా వస్తుంది, నాలుగైదు శాతం. లొట్టికి లోపల సున్నం పూస్తే ఆ పని నెమ్మదిస్తుంది, అప్పుడు తియ్యటి నీరా దొరుకుతుంది. ద్రాక్ష ఏడాదికి ఒకసారి కోతకొస్తుంది కాబట్టి వైన్ సీసా మీద సంవత్సరం వేస్తారు. కల్లు మీద వేయాలంటే గంట వేయాలి. ఈ డైలాగ్ నేను దారిలోనే తయారు చేసుకున్నా. అందరూ నవ్వారు. చిన్నాయిన మాత్రం "గంట కాదురా, ఏ చెట్టుదో కూడ చెప్పొచ్చు" అన్నాడు. "ఆ వంకర చెట్టుది తీపెక్కువ. వాగు పక్కది నీల్లోలె ఉంటది." కళ్లు మూసుకుని చెబుతాడట. మేం టెస్ట్ చేశాం. మూడుకి మూడూ కరెక్ట్‌గా చెప్పాడు.

అప్పుడు కొచ్చి అమ్మాయి అడిగింది, "అంకుల్, మీ ఫొటో పెట్టొచ్చా? మీ పేరు కూడా రాస్తా."

చిన్నాయిన నా వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, "నా మొకం వద్దమ్మా. పిల్లకి సంబంధం చూస్తున్నం. మేం వ్యవసాయం అని చెప్పినం."

ఎవరూ మాట్లాడలేదు. చిన్నమ్మ రొట్టె తుంచి అమ్మాయి ప్లేట్‌లో వేసింది.

నేను ఏడో తరగతిలో ఉండగా నాయిన తాటిచెట్టు మీంచి పడ్డాడు. నడుము పోయింది, మళ్లీ చెట్టెక్కలేదు. ఇప్పుడు చిన్న కిరాణా కొట్టు. ఆ రోజు నుంచి నాయిన చెట్లు కూడా చిన్నాయినే ఎక్కాడు. నా పాలిటెక్నిక్ ఫీజూ, తర్వాత ఇంజినీరింగ్ హాస్టల్ ఫీజూ అందులోంచే వచ్చాయి. పాలిటెక్నిక్ అప్లికేషన్‌లో తండ్రి వృత్తి అనే గడి దగ్గర నేను రాసిందీ అదే మాట. వ్యవసాయం. పక్కనే కూర్చుని ఆ ఫారం మీద సంతకం పెట్టింది చిన్నాయినే, నాయిన మంచంలో ఉన్నాడు కాబట్టి. చదవడం వచ్చు ఆయనకి. అప్పుడు ఏమీ అనలేదు.

"అన్నా, మరి పడకుండా ఏమీ లేవా?" అని వరంగల్ వాడు నాయిన సంగతి విని అడిగాడు. 2024 జూలైలో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం అని గీత కార్మికులకి సేఫ్టీ కిట్లు మొదలుపెట్టింది. పట్టు తప్పినా మనిషి కింద పడకుండా ఆపే తాళ్లు, బెల్టులు. కాటమయ్య అంటే మా కుల దేవుడు. "మంచిదే. నాకు ఈ మోకు ముప్పై ఏళ్ల అలవాటు, కొత్తది చేతికి రావాలె గదా" అన్నాడు చిన్నాయిన. వాళ్లబ్బాయి బెంగళూరులో డెలివరీ పని చేస్తాడు. చెట్టెక్కడు. ఎక్కమని చిన్నాయిన కూడా అనడు.

చివరికి ఆ అమ్మాయి మొహం లేకుండా ఫొటో తీసింది. రెండు పాదాలు, వాటి మధ్య నురగ కక్కుతున్న లొట్టి. పాదాల్లో పగుళ్లు చెట్టు బెరడులాగే ఉన్నాయి.

వచ్చేముందు డబ్బులివ్వబోతే చిన్నాయినకి కోపం వచ్చింది. ఇటలీలో ఇదే టూర్‌కి 6 వేలు ఇచ్చానని చెబితే కాసేపు లెక్కేసుకుని, "మరి ఆడ చెట్టెక్కి దించుతరా?" అన్నాడు. కాదు, ద్రాక్షతీగ నడుము ఎత్తే ఉంటుంది, నిలబడే కోస్తారు అన్నా. ఆయన ఎంతసేపు నవ్వాడో! "మంచి తెలివి" అన్నాడు.

మర్నాడు పొద్దున రెండు ప్లాస్టిక్ బాటిళ్ల నిండా పోసిచ్చి, మూత గట్టిగా పెట్టొద్దని మూడుసార్లు చెప్పాడు. కల్లు దారంతా పొంగుతూనే ఉంటుంది, బిగిస్తే పేలుతుంది. భీమవరం వాడికి ఇవన్నీ ఎక్కవు కదా, సీటు కారుతుందని బిగించేశాడు. షాద్‌నగర్ దగ్గర టీకి ఆగి డోర్ తీస్తుంటే బాటిల్ ఉబ్బి గుండ్రంగా అయింది. మూత ఇలా తిప్పానో లేదో సగం కల్లు నా షర్ట్ మీదే. టీ కొట్టు పెద్దాయన ముక్కు ఎగబీల్చి దగ్గరికొచ్చాడు.

"ఈత కల్లే గదా? మంచి వాసన. యాడిది బిడ్డా?"

"గద్వాల" అన్నా. "మా చిన్నాయిన గీసిండు."

ఆయన లోపలికెళ్లి ఖాళీ గ్లాసు తెచ్చుకున్నాడు.