కంటి అద్దపు మందము

కల్వకుర్తి ప్రాంతమున పెద్దలకు చూపు మందగించినచో “శుక్లములే” యని ఊరకుండుట కలదు. శుక్లము తీసివేసినచో చూపు మరలివచ్చును. నీరుకాసుల వలన పోయిన చూపు తిరిగి రాదు. 1996–2000 నడుమ నాటి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన నేత్రవ్యాధుల సర్వేలో, కల్వకుర్తి అప్పుడు చేరియుండిన మహబూబ్‌నగరు జిల్లా కూడ ఒకటి. నీరుకాసులు బయటపడినవారిలో అధికసంఖ్యాకులకు తమ వ్యాధి సంగతి అంతవరకు తెలియదు.

ఈ వ్యాధిని పట్టుటకు వైద్యులు కంటి ఒత్తిడిని కొలుతురు. కాని ఆ అంకె నొక్కదానినే నమ్మరాదని మేము చెప్పదలచితిమి. నల్లగ్రుడ్డుపై గడియారపు అద్దమువలె నుండు పారదర్శకపు పొర కార్నియా. పరికరము దానినే నొక్కి ఒత్తిడిని చూచును. పొర పలుచనైనచో సులువుగా లొంగును. ఉన్న ఒత్తిడికన్న తక్కువ అంకె వచ్చును. మందమైనచో ఎక్కువ చూపును. అవసరములేని చుక్కలమందు వేసికొనువారును లేకపోలేదు!

కార్నియా నడిమి మందము సుమారు అర మిల్లీమీటరు, అనగా 500 మైక్రాన్లు. ఐరోపా సంతతివారిలో సగటు 540 దరిదాపు. నాగపూరు ప్రాంతపు పల్లెలలో 514 మాత్రమే తేలినది. ఒత్తిడి హెచ్చుగా నున్నవారిపై అమెరికాలో జరిగి 2002లో వెలువడిన పరిశోధనలో, పలుచని కార్నియా గలవారికే నీరుకాసులు ఎక్కువగా వచ్చినవి.

మందమును కొలుచుట క్షణములపని, నొప్పి యుండదు. నలుబది దాటినవారు, ఇంట ఎవరికైన నీరుకాసులున్నవారు ఒత్తిడితోపాటు దీనిని, కంటినరమును చూపించుకొనవలెను. కళ్లజోడు మానుటకు లేసరు చికిత్స పొందినవారికి కార్నియా పలుచబడియుండును. ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పవలెను.