తలుపు మూసుకున్నవారికే రక్షణా?

1965లో లాస్ ఏంజెలెస్ నగరంలో ఛార్లెస్ కాట్జ్ అనే వ్యక్తి బహిరంగ టెలిఫోన్ గదిలోకి వెళ్లి, తలుపు మూసుకుని, పందేల సంగతులు మాట్లాడాడు. ఎఫ్.బి.ఐ. అధికారులు గది వెలుపల ఒక సాధనాన్ని అమర్చి, న్యాయస్థానం అనుమతి లేకుండానే ఆ మాటలు విన్నారు. అద్దాల గదిలో మనిషి అందరికీ కనబడుతూనే ఉన్నాడు. అయితే అతడు దాచుకోదలచినది తన రూపాన్ని కాదు, మాటను. ఆ నిఘా చెల్లదని 1967లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మనిషి గోప్యతను కోరుకోవాలి, ఆ కోరిక సమంజసమని సమాజమూ అంగీకరించాలి అంటూ న్యాయమూర్తి హార్లన్ విడిగా రాసిన మాటే తరువాతి వ్యాజ్యాలకు కొలబద్ద అయింది.

జాగ్రత్తపడితే చాలునా? చాలదు. కాలిఫోర్నియాలో పెరట్లో గంజాయి పెంచిన ఒకరు 10 అడుగుల కంచె కట్టుకున్నారు. పోలీసులు విమానమెక్కి 1,000 అడుగుల ఎత్తునుండి చూశారు. ఆకాశమార్గాన పోయే ఎవరికైనా కనిపించేదానికి వారంటు అక్కరలేదని 1986లో తీర్పు వెలువడింది. పెరటికి పైకప్పు వేసుకునేవారెవరు? నలుగురు న్యాయమూర్తులు ఆ తీర్పుతో ఏకీభవించకపోవడంలో వింత లేదు. వీధి అంచున పెట్టిన చెత్తసంచులకు, అవి మూసి ఉన్నా, రక్షణ లేదని 1988లో తేల్చారు. బ్యాంకుకు అప్పగించిన కాగితాల గతి 1976లోనే అంతే అయింది.

ఈ చివరి అంశంలో మన దేశం వేరు దారి పట్టింది. స్టాంపు సుంకం ఎగవేతను పట్టుకోవడానికి కలెక్టరు అధికారమిచ్చిన ఎవరైనా బ్యాంకులోని ఖాతాదారుల పత్రాలను తనిఖీ చేయవచ్చని ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టాన్ని సవరించింది. హైకోర్టు దానిని కొట్టివేయగా, కెనరా బ్యాంకు వ్యాజ్యంలో 2004 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పునే సమర్థించింది. గోప్యత మనిషిది గాని చోటుది కాదు గనుక, పత్రం బ్యాంకు చేతిలో ఉన్నంత మాత్రాన ఆ హక్కు పోదన్నది. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం స్థిరపరచింది.

అయినా ఒక లోటు ఉంది. సోదా అక్రమమైనంత మాత్రాన అందులో దొరికిన సాక్ష్యాన్ని మన న్యాయస్థానాలు త్రోసిపుచ్చవు. కనుక సోదా జరిగే వేళనే పద్ధతిని గమనించుకోవాలి. 2024 జూలై 1నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం స్థానికులైన సాక్షులు ఇద్దరుండాలి, సోదాను వీడియో తీయాలి, స్వాధీనపరచుకున్న వస్తువుల జాబితా ప్రతిని ఇంటివారికి ఇవ్వాలి. సరిహద్దు గ్రామాలలో ఆ జాబితా కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో ఉండవచ్చు. చదవగలిగినవారిచేత చదివించుకున్న తరువాతనే సంతకం చేయడం మేలు.